విద్యార్థులు – అరణ్యయాత్రలు

విద్యార్థిని గురువు తన వెంట అడవికి తీసికొనిపోవుట మనకు క్రొత్త సంగతి కాదు. విశ్వామిత్రుడు అయోధ్యకు వచ్చి రాముని తన వెంట పంపుమని యడిగినపుడు దశరథుడు మొట్టమొదట చెప్పిన అభ్యంతరము పిల్లవాని వయస్సును గూర్చినది. కుమారునకు ఇంకను పదునారేండ్లు నిండలేదు, ఎట్లు పంపుదునని ఆ తండ్రి దిగులు. వసిష్ఠుడు నచ్చజెప్పిన మీదటగాని ఆయన మనస్సు కుదుటపడలేదు. ఆ ప్రయాణమున రామలక్ష్మణులు నేర్చినది చాల కలదు. ఆకలిదప్పుల నోర్చుకొను విద్యలు, అస్త్రములు, దారిలో తగిలిన ప్రతి నదికిని ప్రతి వనమునకును ఒక కథ. అయినను ఆ యాత్ర బయలుదేరినది వారి చదువు కొరకు కాదు, విశ్వామిత్రుని యజ్ఞము కొరకు.

పిల్లవాని వయస్సెంత, యజ్ఞమెవరిది అను ఈ రెండు ప్రశ్నలును నాటినుండి నేటివరకు ఇట్టి యాత్రలను విడువలేదు. కర్నూలు జిల్లా పడమటి వైపుననున్న తుగ్గలి సీమను ఆధారము చేసికొని ఆ చరిత్రను కొంత చెప్పదలచితిమి.

తుగ్గలి గుంతకల్లు నుండి డోనుకు పోవు రైలుమార్గమున ఒక చిన్న స్టేషను. ఆదోని, ఎమ్మిగనూరులవలె వర్తకమునకును నేతకును పేరుపడిన ఊరు కాదు. చుట్టును మెట్టచేలు, ఎర్రనేల, అక్కడక్కడ నల్లరేగడి, ఎవరో దొర్లించి పేర్చినట్లున్న బండరాళ్ళ గుట్టలు. అరణ్యమనగానే నల్లమలను తలచుకొనువారికి ఇచట అరణ్యమెక్కడనని తోచవచ్చును. చెట్లు దట్టముగానున్న చోటు అను అర్థము ఆ మాటకు తరువాత వచ్చినదనియు, ఊరికి ఎడమైన పరాయినేల అనునదే తొలి యర్థమనియు పండితులందురు. ఆ లెక్కన జొన్నగిరి, పగిడిరాయి, ఎర్రగుడి గుట్టలు అచ్చమైన అరణ్యమే. తొలకరి జల్లు పడినదనగానే ఈ చేలకు నలుదిక్కులనుండియు జనము వచ్చి, వజ్రముల కొరకు తలవంచుకొని తిరుగుట ఏటేట జరుగునదే. పెద్దలవెంట పిల్లలును వత్తురు. రాతికిని రాతికిని గల భేదమును కంటికి నేర్పుటకు ఇంతకంటె కఠినమైన బడి మరియొకటి లేదు. ఆ బడిలో ఉత్తీర్ణులగువారు మాత్రము బహు కొద్దిమంది.

ఈ నేలమీద శిష్యుడను మాట రాతిలో చెక్కబడి రెండువేల రెండువందల యేండ్లు దాటినది. గుత్తి నుండి పత్తికొండకు పోవు దారిలో, గుత్తికి సుమారు 13 కిలోమీటర్ల దూరమున ఎర్రగుడి యున్నది. అచటి గుట్టను ఏనకొండ అందురు. ఏనుగుకొండ యని దాని యర్థము. ఆ గుట్టపైని బండలమీద అశోక చక్రవర్తి శాసనములున్నవని 1928-29 ప్రాంతమున ఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు బయటపెట్టువరకు పండితలోకమునకు తెలియదు. రాళ్ళను పరీక్షించుటకు వచ్చినవానికి రాతిమీది వ్రాత దొరకెను. పదునాలుగు పెద్ద శాసనములును రెండు చిన్న శాసనములును ఒక్కచోటనే యుండుట ఇచటి విశేషము. చిన్న శాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచుచున్నవి. రైతు చేను దున్నుచు చాలు చివర నాగలి త్రిప్పినట్లుండును ఆ వ్రాత. ఇట్లు ఏల వ్రాసిరని పండితులు తలయొక విధముగా చెప్పిరి. చెక్కినవాడు బ్రతికియున్నచో అతనినే యడిగి యుందుము.

మనకు కావలసినది అందలి ఒక ఆజ్ఞ. తల్లిదండ్రులయెడ విధేయత, ప్రాణులయెడ దయ, సత్యవాక్కు మొదలగు ధర్మములను రాజుకుడను అధికారి భేరి మ్రోయించి జానపదులకు చాటవలెనట. చక్రవర్తి అంతటితో ఆగలేదు. ఏనుగుల నెక్కువారు, వ్రాయసకాండ్రు, బండ్లకు గుర్రములను పూన్చి నడపు విద్య నేర్పువారు, బ్రాహ్మణులు, తమ తమ అంతేవాసులకు పూర్వాచారము ననుసరించి వీనిని బోధింపవలెనని కూడ అందు కలదు. అంతేవాసి యనగా గురువునకు దగ్గర నివసించువాడు. వ్రాయసకాని విద్య అరుగుమీద కూర్చుండి నేర్పవచ్చును. ఏనుగును మచ్చిక చేయు విద్య అట్లు నేర్పుటకు వీలుగాదు. ఆనాటి చదువులలో కొన్నియైనను అడవి అంచున నడచినవని యూహించుటకు ఇచట తావున్నది. జొన్నగిరియే మౌర్యుల రాజప్రతినిధి యుండిన సువర్ణగిరి యని కొందరు చరిత్రకారులును, కర్ణాటకమందలి కనకగిరి యని మరికొందరును చెప్పుదురు. ఆ వాదమెట్లు తేలినను ఏనకొండ శాసనమున గురుశిష్యుల మాటకు లోపము రాదు.

ఇక రెండువేల యేండ్లు దాటి రావలసియున్నది. 1800వ సంవత్సరమున నైజాము ఈ సీమలను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. దత్తమండలములను పేరు అట్లు వచ్చినది. రాయలసీమ యను పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచించినది. కంపెనీకి భూమి దక్కెను గాని ఆ భూమి ఎట్లుండునో తెలియదు. ఏ ఊరు ఎక్కడ, ఏ చెరువు క్రింద ఎంత సాగు, ఏ కనుమలో ఫిరంగిబండి పోవును అని తెలిసికొనుటకు పటము కావలెను. పటము గీయుటకు మనుష్యులు కావలెను. సీమనుండి వచ్చిన సైనికోద్యోగులచే ఆ పని చేయించుట ఖర్చుతో కూడినది. దీనికొక ఉపాయమును మైకేల్ టాపింగ్ అను నతడు అంతకుముందే చేసియుండెను.

టాపింగ్ కంపెనీవారి ఖగోళజ్ఞుడు. కృష్ణా గోదావరీ ప్రాంతములను కొలిచినవాడు. 1794లో ఆయన మద్రాసున సర్వే పాఠశాల నొకదానిని నెలకొల్పెను. అందు చేరినవారు అచటి అనాథ బాలుర ఆశ్రమమున పెరుగుచున్న పిల్లలు. తండ్రులు తెల్ల సిపాయిలు, తల్లులలో పెక్కుమంది ఈ దేశపు స్త్రీలు. ఇటు వారికిని అటు వారికిని కాని బిడ్డలు. మీసమైనను రాని ప్రాయమున వారికి లెక్కలు, గొలుసు పట్టుట, దిక్సూచి చూచుట, పటము గీయుట నేర్పి, వెనువెంటనే కొండలమీదికిని అడవులలోనికిని పంపుచుండిరి. చదువును కొలువును ఒక్కటే. మేమెరిగినంతలో దక్షిణదేశమున ఒక పాఠశాల తన విద్యార్థులను పద్ధతిప్రకారము, ఏండ్లతరబడి అరణ్యములలో త్రిప్పుట ఇదియే మొదలు. ఈ పాఠశాలయే పెరిగి పెరిగి గిండీ ఇంజనీరింగు కళాశాల యైనది. టాపింగ్ ఆ పెరుగుదలను చూడలేదు. రెండేండ్లు తిరుగకుండ, 1796లో మచిలీపట్నమున జ్వరముతో మరణించెను.

కాలిన్ మెకంజీ 1809 మొదలు దత్తమండలములను కొలిపించినపుడు పనిలో దిగినవారు ఈ పాఠశాలనుండి వచ్చిన కుర్రవాండ్రే. ఆదోని, గుత్తి, పత్తికొండ సీమలు ఆ కొలతలోనివి. ఆ పని యెట్టిదో ఈ ప్రాంతపు ఎండ నెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ప్రొద్దు పొడుచునప్పటికి గుట్ట నెక్కియుండవలెను. ఎండ ముదిరినచో నేలనుండి సెగ లేచి, దూరపు గుట్టమీద నాటిన జెండా నీటిలోని నీడవలె ఆడును, కోణము తప్పును. గుట్ట దిగి, బాటవెంట చక్రము దొర్లించి దూరము లెక్కింపవలెను. ఊరికి చేరినపిదప చెరువులు, బావులు, ఇండ్లు లెక్క వ్రాసికొనవలెను. కరణము చెప్పినది నమ్మవలెనో లేదో తేల్చుకొనవలెను. పదునైదు పదునారేండ్ల బాలునకు ఇది సామాన్యమైన పరీక్ష కాదు.

మెకంజీ పేరు మనకు కైఫీయతుల మూలమున చిరపరిచితము. ఆ కైఫీయతులను సేకరించినవారిలో ముఖ్యులు ఏలూరు వారైన కావలి సోదరులు. పెద్దవాడైన వెంకట బొర్రయ్య ముప్పదియేండ్లు నిండకమునుపే 1803లో గతించెను. తరువాత లక్ష్మయ్య ఆ భారము వహించెను. వారు బడిపిల్లలు కారు గాని, ఊరూర తిరిగి వినుటయే చదువుగా గలవారు. ఒక బృందము నేలను కొలుచుచుండగా మరియొక బృందము నేల కథను వ్రాసికొనుచుండెను. ఈ రెండు పనులును ఒక్క విద్యార్థి చేతనే చేయించియుండిన ఎంత బాగుండెడిదని మాకు తోచుచుండును.

అదే కాలమున విలియం లాంబ్టన్ దేశమునంతను త్రిభుజములతో కొలుచు మహాకార్యమున నుండెను. మద్రాసు వద్ద 1802లో మొదలైన ఆ కొలత ఉత్తరమునకు ప్రాకుచు 1811లో గుత్తికి చేరినది. అచట నేలమీద ఆధారరేఖను కొలిచిరి. ఆయనకు కుడిభుజముగా నుండిన జాషువా డి పెన్నింగ్ మద్రాసు సర్వే పాఠశాలనుండి వచ్చిన బాలుడే. 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో లాంబ్టన్ సహాయకుడు జార్జి ఎవరెస్టును, ఆతని బృందమును మన్యపు జ్వరము పట్టినది. ఎవరెస్టును హైదరాబాదునకు మోసికొనిపోయిరి, బ్రతికెను. వెంట వచ్చినవారిలో పలువురు దారిలోనే పోయిరి. వారి పేర్లు లోకమెరుగదు. ఎవరెస్టు పేరును 1865లో భూలోకమున కెల్ల ఎత్తైన శిఖరమునకు పెట్టిరి. ఆ శిఖరము మాట మరల వచ్చును.

ఈ యాత్రలలో యజ్ఞము కంపెనీది. అందు సందేహము లేదు. అయితే తల్లిదండ్రులు లేక, కులము లేక, అటు దొరలును ఇటు ఊరివారును చేరదీయని పిల్లలకు చేతిలో ఒక విద్య ఉండెనను మాటను కూడ చరిత్రకారుడు విడువరాదు. ఇంగ్లండు నుండి వచ్చినవానికన్న తక్కువ జీతమునకు వారు దొరకుచుండిరి గనుకనే ఆ విద్య వారికి దక్కినదనుటయు అంతే నిజము.

ఆ రోజులలో ఊరి బడులెట్లుండెను? తుగ్గలి అప్పుడు బళ్ళారి జిల్లాలోనిది. పత్తికొండ తాలూకా కర్నూలు జిల్లాలో చేరినది 1858లో. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో బడుల లెక్క తీయుడని కలెక్టర్ల నాజ్ఞాపించెను. మన్రో ఈ సీమకు మొదటి కలెక్టరు. 1827 జూలై 6న కలరాతో కన్నుమూసినదియు పత్తికొండలోనే. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్, తెలుగు వ్యాకరణము వ్రాసిన ఆయనయే, 1823లో పంపిన నివేదిక నేటికిని చదువదగినది. 9,27,857 మంది జనము గల జిల్లాలో 533 బడులు, వానిలో 226 తెలుగువి. విద్యార్థులు మొత్తము 6,641 మంది. బాలికలు 60 మంది. జిల్లా అంతటికిని అరువదిమంది!

పిల్లవానిని అయిదవయేట బడిలో వేయుట, ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించుట, పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పించుట క్యాంబెల్ వర్ణించెను. ఒక వింత కలదు. సర్వే పాఠశాలకు పిల్లలను పంపిన ఆ మద్రాసు అనాథాశ్రమమును నడపిన ఆండ్రూ బెల్ దొర మన వీధిబడి ఇసుకపలకను చూచియే తన పద్ధతిని ఏర్పరచుకొని, 1797లో దానిని గూర్చి పుస్తకము ప్రకటించెను. ఇంగ్లండున అది మద్రాసు పద్ధతి యని వాసికెక్కెను. మన బడినుండి వారు బోధనాక్రమమును తీసికొనిరి. వారి బడినుండి మనకు నడక రాలేదు. మన బడిపిల్లల నడక దసరాకు విల్లంబులు పట్టి అయ్యవారివెంట ఇల్లిల్లు తిరుగుట, కార్తికమున ఉసిరిచెట్టు నీడకు వనభోజనమునకు పోవుట. రెండును ముచ్చటైనవే. రెండును పొలిమేర దాటవు. పొలిమేర దాటి గుట్టలెక్కిన పిల్లలు కలరు గాని వారు బడిలో లేరు. గొర్రెలవెంట నుండిరి. ఏ వాగున ఎప్పటివరకు నీరుండును, ఏ పొదలో రక్తపింజర పడుకొనును, మబ్బు ఏ మూల లేచిన వాన నమ్మవచ్చును అనునవి వారికి తెలిసినట్లు అయ్యవారికి తెలియవు.

క్యాంబెల్ మరియొక మాట వ్రాసెను. నడితరగతివారును పేదలును బిడ్డల చదువునకు ఖర్చు పెట్టలేకున్నారు. లేత కాళ్ళు చేతులు ఏ కొంచెము పనికి వచ్చినను ఆ సాయము లేక ఇల్లు గడవకున్నది. ఇది 1823 నాటి మాట యని శ్రోతలు గుర్తుంచుకొనవలెను.

పిల్లల ఆరోగ్యమునకును శీలమునకును గాను వారిని ఆరుబయటకు పంపవలెనను సంకల్పము ఇరువదవ శతాబ్దిలో వచ్చినది. 1907 ఆగష్టున బేడెన్ పవెల్ ఇంగ్లండున బ్రౌన్‌సీ ద్వీపమున సుమారు ఇరువదిమంది బాలురను గుడారములలో నుంచి, వంటయు, అడుగుజాడలు పట్టుటయు, ముడులు వేయుటయు నేర్పెను. సంపన్నుల బడుల పిల్లలును పనివారి పిల్లలును ఆ గుడారములలో కలసియుండిరి. మా దృష్టిలో తక్కిన హంగులన్నిటికంటె ముఖ్యమైనది ఈ కలయికయే. మన దేశమునకు 1909లో స్కౌటు ఉద్యమము బెంగుళూరులో ప్రవేశించినపుడు ఆ గుణము మాత్రము ఓడ దిగలేదు. తెల్లవారి పిల్లలకును ఆంగ్లో ఇండియనులకును తప్ప దేశీయ బాలురకు అందు చోటు లేకుండెను. అనిబిసెంటమ్మగారు 1917లో మద్రాసున భారతీయ బాలుర స్కౌటు సంఘమును స్థాపించుటకు అదియే కారణము. ఆమె బాలురు తలపాగా చుట్టిరి. 1921లో బేడెన్ పవెల్ స్వయముగా వచ్చిన పిదప ఆ సంఘము ఆయన సంస్థలో చేరెను. చీలికలన్నియు పోయి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడినది 1950 నవంబరు 7న.

వయస్సునుబట్టి యాత్రను తూచి యిచ్చుట ఈ ఉద్యమము చేసిన మేలు. చిన్నవారు కబ్బులు, బుల్‌బుల్‌లు; నడిప్రాయమువారు స్కౌట్లు, గైడ్లు; పెద్దలు రోవర్లు, రేంజర్లు. చిన్నవారికి తోటలో ఆట, నడిప్రాయమువారికి గుడారమున నిద్ర, పెద్దవారికి దూరపు నడక. చిన్నపిల్లలకు కిప్లింగు కథలోని తోడేళ్ళ పేర్లు పెట్టిరి. మధ్యపరగణాలలోని సివనీ అడవి సముద్రము దాటిపోయి, ఇంగ్లండు బొమ్మల పుస్తకమై, మరల మన పిల్లల యొద్దకు తిరిగివచ్చెనన్నమాట.

స్వరాజ్యము వచ్చిన తరువాత 1948లో జాతీయ విద్యార్థి సైనిక దళము, 1954లో డార్జిలింగున హిమాలయ పర్వతారోహణ సంస్థ ఏర్పడెను. టెన్సింగ్ శిఖరమెక్కిన మరుసటి సంవత్సరమది. తెలుగునాట విజయనగరమునకు దాపుననున్న కోరుకొండ సైనిక పాఠశాల 1962లో వెలసెను. అచట చదివిన లెఫ్టినెంటు ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్టుపై ప్రాణము కోల్పోయెను. ఆ పాఠశాలలోనే చదివిన నెల్లూరు జిల్లా బాలుడు మల్లి మస్తాన్ బాబు, ఆ జ్ఞాపకమే తన్ను కొండలవైపు నడిపినదని చెప్పుకొనెను. 2006లో 172 దినములలో ఏడు ఖండముల ఉన్నత శిఖరములనెక్కి, 2015లో ఆండీస్ పర్వతములలో తనువు చాలించెను. ఒక పాఠశాలనుండి ఇద్దరు. కొండ బడిపిల్లల ఆటస్థలమని యెంచువారు ఈ రెండు పేర్లను స్మరింపవలెను.

ఇక 2014 మే 25. నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్, ఇద్దరును సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు, ఎవరెస్టు శిఖరముపై నిలిచిరి. రాష్ట్రము రెండగుటకు ఇంకను ఎనిమిది దినములు మిగిలియుండెను. పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆమె వయస్సు పదుమూడేండ్ల పదునొకండు మాసములు. నేపాళ ప్రభుత్వము పదునారేండ్లు నిండనివారిని ఎవరెస్టు నెక్కనీయదు. అందుచేత వారు టిబెట్టు దిక్కునుండి ఎక్కవలసివచ్చెను. దశరథుని అభ్యంతరము ఇన్ని యుగములకు ఖాట్మండులో చట్టమై కూర్చున్నది.

ఆ సంవత్సరమే ఏప్రిల్ 18న నేపాళము వైపు మంచుచరియలు విరిగిపడి పదునారుమంది షెర్పాలు మరణించిరి. అట్టి యేట పదుమూడేండ్ల బాలికను పంపుట తగునా యను ప్రశ్న న్యాయమైనది. గురుకులముల కార్యదర్శి ఆర్. ఎస్. ప్రవీణ్ కుమార్, శిక్షకుడు శేఖర్ బాబు ఆ భారమును తలకెత్తుకొనిరి. పిల్లలు క్షేమముగా దిగివచ్చిరి గనుక ప్రశ్న అణగినది. సమాధానము దొరికి కాదు. పూర్ణ 2022 నాటికి ఏడు ఖండముల శిఖరములను పూర్తిచేసెను. క్యాంబెల్ లెక్కలోని ఆ అరువదిమంది బాలికలను తలచుకొన్నచో ఈ వార్త బరువు తెలియును.

మాకు మాత్రము శిఖరముకంటె భువనగిరి బండ ముఖ్యముగా కనిపించును. ఎవరెస్టునకు ఇద్దరే పోయిరి. వారిని ఎంచుకొనుటకు ముందు నూరుమందికి పైబడిన గురుకుల విద్యార్థులు ఆ ఏకశిలపై త్రాళ్ళు పట్టి ఎక్కుట నేర్చిరి. వారిలో ఇరువదిమంది డార్జిలింగు చూచిరి. కూలివాని బిడ్డకు కొండ యనగా కట్టెలమోపు, గొర్రెలమంద, రాళ్ళు కొట్టు పని. అదే కొండను పనిలేకుండ, తన కొరకు, గురువు తోడుగా ఎక్కుట ఆ వందమందికిని మొదటిసారి. వారి పేర్లు పత్రికలలో రాలేదు. యజ్ఞమెవరిదను ప్రశ్నకు ఇంతకంటె తిన్నని జవాబు ఈ చరిత్రలో మాకు మరియొకటి దొరకలేదు.

తుగ్గలి బడులకు హిమాలయములు అక్కరలేదు. పదియేండ్లలోపు పిల్లలకు ఊరి వెలుపలి వంకవరకు ఒక పూట నడక చాలును. వెంట ఉపాధ్యాయునితోపాటు గొర్రెలు కాయు పెద్ద నొకనిని పిలువవలెను. తంగేడు, తుమ్మ, రేగు, బలుసు గుర్తుపట్టించుట, మెత్తని మట్టిలో పక్షి కాలిగుర్తును చూపుట ఆయనకు వచ్చినట్లు మనకు రాదు. ఈ వయస్సువారిని రాత్రి నిలుపనక్కరలేదు, ఎక్కువ దూరము నడిపింపనక్కరలేదు.

పదునొకండు మొదలు పదునాలుగేండ్ల వారిది వేరు. వారికి ఎర్రగుడి యున్నది. బ్రాహ్మీ అక్షరములు బెదరించునవి కావు. క అనగా కూడిక గుర్తువంటి రెండు గీతలు, గ అనగా ఇంటి కప్పువంటిది. ఒక వారము బడిలో పలకమీద దిద్దినచో పిల్లలు బండమీద కొన్ని మాటలు కూడబలుకుకొనగలరు. అయితే మా సలహా యేమనగా, కొన్ని పంక్తులు ఎదురుదిక్కున నడచునని ముందుగా వారికి చెప్పరాదు. తెలిసిన అక్షరములే యుండి మాట రాకపోవుటేమని వారు తలలు బ్రద్దలుకొట్టుకొనవలెను. ఎవడో ఒకడు, సాధారణముగా తరగతిలో వెనుకబల్ల వాడు, అటునుండి చదువుడని కేక వేయును. రాతిని చేతితో రుద్దుట, సుద్దముక్కతో గీయుట వలదని మాత్రము గట్టిగా చెప్పవలెను. ఇన్ని శతాబ్దుల ఎండవానల కాగిన వ్రాత ఒక తరగతి చేతుల రాపిడికి ఆగదు.

పదునైదు దాటినవారు పటము చేతబట్టుకొని గుత్తి కోటనుండి ఎర్రగుడి మీదుగా జొన్నగిరివరకు నడువవచ్చును, రెండు రాత్రులు నిలువవచ్చును. పటము ఎవరు గీసిరో, ఆ గీసినవారి వయస్సెంతయో చెప్పినచో పటమును చూచు చూపు మారును. దారిలో ప్రతి ఊర ఒక కథను అడిగి వ్రాసికొనవలెను. మెకంజీ రెండు బృందములకు పంచిన పనిని వారొక్కరే చేయుదురు. త్రాగునీరు ఎక్కడ దొరకునో ముందుగా ఒకరు పోయి చూచి రావలెను. ఈ సీమలో పటమున నీలిగీత యున్నంతమాత్రమున వాగులో నీరుండదు. బాలికల బృందమునకు ఉపాధ్యాయినులు తోడుండవలెను. వారిని ఇంటిలోనుంచి బాలురనే తీసికొనిపోవు యాత్రను యాత్రయని మేము ఒప్పుకొనము.

యాత్రకు కాలమేదని యడుగుదురు. ఎండకాలము పనికిరాదు. తొలకరిలో చేలనిండ వజ్రముల వేటగాండ్రు, రైతుల కోపము. ఎవరైనను మార్గశిర పుష్యములు మేలని చెప్పుదురు: చల్లని గాలి, ఆరిన బాట, పారదర్శకమైన ఆకాశము. కాని ఆ మాసములలో తుగ్గలి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో పెక్కు ఇండ్లకు తాళములు కనిపించును. వానలు చాలని యేట దీపావళి దాటినపిదప కుటుంబములు ప్రత్తి తీయుటకును మిరపకాయలు కోయుటకును గుంటూరు వైపు పోవుదురు. పిల్లలలో కొందరు ప్రభుత్వము వారు ఆ కాలమునకై తెరచు వసతిగృహములలో నిలుతురు. తక్కినవారు తల్లిదండ్రులతో పోయి ఉగాది నాటికి తిరిగివత్తురు. హాజరుపట్టీలో వారి పేర్లకెదురుగా మూడు నాలుగు మాసములు ఖాళీ. తరగతిలో సగముమంది లేనపుడు చేసిన యాత్ర ఆ తరగతి యాత్ర కాదు. అందుచేత ఎర్రగుడికి పిల్లలను తీసికొనిపోదలచిన ఉపాధ్యాయులు బండి మాటలాడుకొనవలసినది దసరా సెలవులు ముగిసిన వారములోనే. అప్పటికి వంకలలో కొంచెము నీరుండును, గుట్టలమీద పచ్చిక ఇంకను ఎండియుండదు, పిల్లలందరును ఊరనుందురు.